అరిస్టాటిలా, ఎపిక్యురసా, స్టోయిక్కులా: మంచి బతుక్కి ఎవరి దారి ఎవరికి?

మా పిన్ని కొడుకు డాలస్‌లో ఉంటాడు. పోయిన నెల ఫోన్ చేసి, "అన్నయ్యా, రీల్స్‌లో ఎక్కడ చూసినా స్టోయిక్కులే. ఆ రోమ్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ పుస్తకం కొననా, లేక నువ్వెప్పుడూ చెప్పే అరిస్టాటిల్‌ది కొననా? రెండూ చదివే తీరిక లేదు, ఏదో ఒకటి తేల్చి చెప్పు" అన్నాడు. మిక్సీ ఏ కంపెనీది కొనాలో కనుక్కున్నట్టే కనుక్కున్నాడు. ముందు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక మాత్రం, వాడు అడిగిన తీరులో తప్పేముంది అనిపించింది.

క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో ఏథెన్స్‌కు చదువు కోసం వచ్చిన కుర్రాడిది కూడా ఇదే అవస్థ. ఊరి గోడలు దాటితే ఒకవైపు ప్లేటో పెట్టిన అకాడమీ, ఇంకోవైపు అరిస్టాటిల్ 335లో మొదలుపెట్టిన లైసియం. ఊరి నడిబొడ్డున, సంత మైదానం అంచున, మారథాన్ యుద్ధం బొమ్మలున్న ఒక మండపం. సైప్రస్ నుంచి వచ్చిన జెనో అందులో అటూ ఇటూ నడుస్తూ పాఠం చెప్పేవాడు. గ్రీకులో అలాంటి మండపాన్ని స్టోవా అంటారు, స్టోయిక్కులనే పేరు అక్కడిదే. అకాడమీకి పోయే దారిలో ఎపిక్యురస్ బడి నడిపిన తోట. ఇవన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉండేవి. అందరూ హామీ ఇచ్చేది ఒకటే, మంచి బతుకు. తేడా అంతా దానికి వాళ్లు అడిగే ధరలో ఉంది. అందుకని వీళ్లలో ఎవరు గొప్ప అని కాకుండా, ఎవరు మన దగ్గర ఏం వదులుకోమంటున్నారో చూసి ఎంచుకోమంటాను.

ముందు రెండు మాటలు సరిచేసుకోవాలి. ఇవి తప్పుగా అర్థమైతే ఏ పుస్తకం కొన్నా దండగే.

మొదటిది యుడైమోనియా. దీన్ని ఆనందం అనేస్తుంటారు. కానీ మన ఇళ్లలో "వాడు బాగుపడడురా" అని ఎవరినైనా తిట్టినప్పుడు ఆ మాట వాడి ఇవాళ్టి సంతోషం గురించి కాదు కదా. వాడు సినిమా హాల్లో ఈలలేస్తూ కులాసాగానే ఉండొచ్చు. ఆ తిట్టు వాడి బతుకు మొత్తం గురించి. యుడైమోనియా ఆ "బాగు"కు చాలా దగ్గర. ఒక్క వాన కోయిల కనబడితే వసంతం వచ్చినట్టు కాదు, ఒక్క మంచి రోజుతో మనిషి బాగుపడినట్టూ కాదంటాడు అరిస్టాటిల్.

రెండోది అరెటె. సద్గుణం అని రాస్తే పురాణ కాలక్షేపం వాసనొస్తుంది. గ్రీకులో కత్తికీ గుర్రానికీ కూడా అరెటె ఉంటుంది. కత్తికి పదును, గుర్రానికి పరుగు. చేసే పనిని బాగా చేయించేదే అరెటె. మన దగ్గర "చెయ్యి తిరిగిన వడ్రంగి" అంటాం చూడండి, నాకు తెలిసినంతలో దీనికి అంతకన్నా మంచి తెలుగు లేదు. ఇళ్లు కట్టగా కట్టగా మేస్త్రీ అయినట్టు, న్యాయంగా ప్రవర్తించగా ప్రవర్తించగా న్యాయవంతుడవుతాడు, అంతే తప్ప ఉపదేశం విని ఎవడూ కాడని అరిస్టాటిల్ వాదన. మనిషిగా బతకడంలో చెయ్యి తిరగడమన్నమాట.

ఇక పరీక్ష. ముగ్గురినీ పక్కపక్కన నిలబెట్టి చూడ్డానికి నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది. అది నేను పుట్టించింది కాదు, ఆ కాలపు గ్రీకులే పోట్లాడుకున్నది. మంచివాణ్ణి ఒకణ్ణి చిత్రహింసల చక్రానికి కట్టారు. ఆ క్షణాన వాడి బతుకు బాగున్నట్టా, లేనట్టా?

స్టోయిక్కు తడుముకోడు. బాగున్నట్టే, వాడి మంచితనం చెక్కుచెదరలేదు కాబట్టి, అంటాడు. ఎపిక్యురస్ కూడా, వినడానికి వింతగా ఉంటుంది గానీ, జ్ఞాని ఆ స్థితిలోనూ సుఖంగానే ఉంటాడన్నాడు. కాకపోతే మూలుగుతాడు, కేకలు పెడతాడు అని కూడా ఒప్పుకున్నాడు. అరిస్టాటిల్‌కు ఓపిక నశించింది. చక్రం మీద నలుగుతున్నవాణ్ణి, పెద్ద పెద్ద ఆపదల్లో పడ్డవాణ్ణి మంచివాడైతే చాలు సుఖంగా ఉన్నాడనేవాళ్లు తెలిసో తెలియకో అర్థంలేని మాటలు మాట్లాడుతున్నారని రాసి పారేశాడు.

మీకు ఈ మూడు జవాబుల్లో ఏది విని "హమ్మయ్య" అనిపించిందో గుర్తుపెట్టుకోండి. సగం ఎంపిక అక్కడే అయిపోయింది.

అరిస్టాటిల్ ఎవరికి

ఆయన పుస్తకం నికోమాకియన్ ఎథిక్స్. పది భాగాలు. పాఠం చెప్పడానికి రాసుకున్న నోట్సులాగా పొడిపొడిగా ఉంటుంది, చదవడం మొదలుపెట్టిన పదిమందిలో ఎనిమిదిమంది మూడో భాగం దగ్గర ఆపేస్తారని నా అనుమానం. అయినా ముగ్గురిలో నా ఓటు ఈయనకే, ఎందుకో చెబుతాను.

ఈయన మనుషుల్ని ఉన్నచోటే పట్టుకుంటాడు. ధైర్యం పిరికితనానికీ తెగబాటుకీ మధ్య ఉంటుందని అందరూ చెప్పుకునేదే. దాన్ని పట్టుకుని "అన్నీ మితంగా" అనేసి వదిలేస్తారు. అసలు మాట అది కాదు. ఆయన ఉదాహరణే చూడండి. తిండి పది మినాలు (మినా అంటే గ్రీకుల తూకం, డబ్బు లెక్కకూ అదే మాట) ఎక్కువ, రెండు మినాలు తక్కువ అనుకుందాం. అంతమాత్రాన శిక్షకుడు అందరికీ ఆరు పెట్టేయడు. మైలో అనే మహామల్లుడికి ఆరు చాలదు, నిన్నగాక మొన్న గోదాలో దిగినవాడికి ఆరు ఎక్కువ. సరైన కొలత మనిషిని బట్టి, సమయాన్ని బట్టి మారుతుంది. అంచనా వేయడం అనుభవంతోనే వస్తుంది, సూత్రం ఉండదు.

కోపం విషయమే తీసుకోండి. స్టోయిక్కుల దృష్టిలో కోపం రోగం, వేళ్లతో పీకేయాల్సిందే. అరిస్టాటిల్ అలా అనడు. రావలసినచోట, రావలసినవాడి మీద, రావలసినంత కోపం రావాలంటాడు. రావలసినచోట కూడా కోపం రానివాణ్ణి తెలివితక్కువవాడనుకుంటారని కూడా అంటాడు. ఇంట్లో పనిమనిషిని ఎవరో నీచంగా మాట్లాడుతుంటే నవ్వుతూ కాఫీ తాగే "శాంతస్వభావుల్ని" చూసినప్పుడల్లా నాకు ఆ వాక్యం గుర్తొస్తుంది.

స్నేహానికి ఆయన పదిలో రెండు భాగాలు, ఎనిమిదీ తొమ్మిదీ, పూర్తిగా కేటాయించాడు. మిగతా సిరిసంపదలన్నీ ఉన్నా, స్నేహితులు లేకుండా బతకాలని ఎవరూ కోరుకోరంటాడు. అవసరం కోసం స్నేహాలుంటాయి, సరదా కోసం ఉంటాయి, మనిషి మంచితనం చూసి కలిసేవి ఉంటాయి. ఈ మూడో రకానికి కాలం పడుతుంది. ఇద్దరూ కలిసి సామెతలో చెప్పినంత ఉప్పు తినాలి అంటాడు. మనం "వాడి ఉప్పు తిన్నాను" అంటే కృతజ్ఞత, యజమాని, నౌకరు గుర్తొస్తారు. ఆయన ఉప్పులో ఆ పెద్దాచిన్నా లేదు, ఒకే కంచం దగ్గర ఏళ్లతరబడి కూర్చోవడమే ఉంది.

మరి ధర? ధర గట్టిదే. ఈయన లెక్కలో బాగుపడ్డానికి మంచితనం ఒక్కటీ చాలదు. కాస్త డబ్బు కావాలి, ఆరోగ్యం కావాలి, పిల్లలు, స్నేహితులు, ఆఖరికి రూపం కూడా ఎంతోకొంత కావాలి. చిన్నప్పుడు మంచి అలవాట్లు నేర్పినవాళ్లుండాలి. ట్రాయ్ రాజు ప్రియమ్‌ను చూపిస్తాడు. బతుకంతా బాగానే బతికి, ముసలితనంలో కొడుకుల్ని, ఊరిని పోగొట్టుకున్నవాడు. అలాంటివాడిది బాగుపడ్డ బతుకని ఎవరూ అనరంటాడు. అంటే అదృష్టానికి మీ బతుకు మీద కొంత హక్కు రాసిచ్చినట్టే. అది మీరు సహించగలరా? పైగా ఇదంతా ఆయన చెప్పింది తీరిక ఉన్న స్వతంత్ర పురుషులకు. కొందరు పుట్టుకతోనే బానిసలని వాదించిన మనిషి ఆయన. ఆ భాగాన్ని కాలదోషమని చాపకింద తోసేయడం నాకిష్టం ఉండదు. మంచి బతుక్కి తీరిక కావాలంటే, ఆ తీరిక కోసం చాకిరీ ఎవరు చేస్తున్నారన్నది ఇవాళ మన ఇళ్లలో కూడా అడగాల్సిన ప్రశ్నే.

అయినా ఆయన దగ్గర ఒక ఊరట ఉంది. కష్టం వచ్చి కుంగిపోయినప్పుడు, "నువ్వు సరిగ్గా ఆలోచించడం లేదు కాబట్టి బాధపడుతున్నావు" అని మీ నెత్తిన రెండో బరువు పెట్టడు. పోయింది విలువైనదే, అందుకే నొప్పి అంటాడు.

స్టోయిక్కులు ఎవరికి

జెనో ఎక్కిన ఓడ మునిగిపోయింది, సరుకంతా పోయింది. ఏథెన్స్‌లో ఒక పుస్తకాల కొట్టు దగ్గర కూర్చుని సోక్రటీస్ గురించి చదివి, ఇలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారని అడిగాడట. అటుగా పోతున్న క్రేటీస్‌ను చూపించి, ఆయన వెంట వెళ్లమన్నాడు కొట్టువాడు. ఈ క్రేటీస్ సిగ్గూబిడియం వదిలేయాలనే సినిక్కుల జాతి. కొత్త శిష్యుడికి బిడియం ఎక్కువని కనిపెట్టి, కుండెడు పప్పు చారు చేతికిచ్చి, కుమ్మరివాడ గుండా మోసుకురమ్మన్నాడు. జెనో సిగ్గుతో కుండ దాచుకోబోయాడు. క్రేటీస్ కర్రతో కుండ పగలగొట్టాడు. చారు కాళ్ల మీదుగా కారుతుంటే జెనో పరుగందుకున్నాడు. "ఎందుకు పారిపోతావోయ్ ఫినీషియా పిల్లోడా, నీకేం ఘోరం జరగలేదే!" అని వెనకనుంచి కేక.

స్టోయిక్కుల బడి మొత్తం ఆ కేకలో ఉందనుకుంటాను. జరిగింది వేరు, జరిగిందాన్ని ఘోరమని మనం అనుకోవడం వేరు. మొదటిది మన చేతిలో లేదు, రెండోది ఉంది. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఎపిక్టీటస్ దీన్నే పట్టుకున్నాడు. ఆయన బానిసగా పుట్టినవాడు, కాలు కుంటి. చక్రవర్తి డొమిషియన్ తత్వవేత్తలను రోమ్ నుంచి వెళ్లగొడితే గ్రీస్‌లో నికోపొలిస్‌కు పోయి బడి పెట్టుకున్నాడు. ఆయన స్వయంగా ఏమీ రాయలేదు, శిష్యుడు ఏరియన్ రాసుకున్నదే మనకు మిగిలింది. అందులోంచి ఏరిన చిన్న పుస్తకం ఎన్‌కైరిడియన్, 53 చిన్న చిన్న ముక్కలు.

మా నాన్న మంచాన పడ్డ ఏడాది అది నా సంచిలో ఉండేది. నాలుగో ముక్క స్నానశాల గురించి. స్నానానికి బయల్దేరేముందే అక్కడ ఏం జరుగుతుందో తలుచుకోమంటాడు. నీళ్లు చిమ్మేవాళ్లుంటారు, తోసేవాళ్లుంటారు, తిట్టేవాళ్లుంటారు, బట్టలు కొట్టేసేవాళ్లుంటారు. నేను వెళ్లేది స్నానానికి, దాంతోపాటు నా బుద్ధి చెడకుండా ఉంచుకోవడానికి కూడా, అని చెప్పుకుని వెళ్లమంటాడు. తెల్లవారుజామున ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడ్డప్పుడు ఆ ముక్క ఎన్నిసార్లు నన్ను కాపాడిందో. మధ్యలో దూరేవాళ్లు, చిల్లర లేదని కసిరే కౌంటరు, ఫైలు పై అంతస్తులో ఉండిపోయిందనే కబురు. ఇంటి దగ్గరే అన్నీ తలుచుకుని బయల్దేరేవాణ్ణి. అరిచిన రోజులు తగ్గాయి.

దానికి ముందున్న మూడో ముక్క మాత్రం నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు. కుండంటే నీకిష్టమైతే, నాకిష్టమైంది ఒక కుండ అనుకో, పగిలినా కలత పడవు. బిడ్డనో భార్యనో ముద్దుపెట్టుకుంటే, ముద్దుపెట్టుకునేది ఒక మనిషిని అనుకో, పోయినా కలత పడవు. నాన్న మంచం పక్కన కూర్చుని అది చదివి పుస్తకం మూసేశాను.

స్టోయిక్కులు అడిగే ధర సరిగ్గా అదే. వాళ్ల లెక్కలో వివేకం, న్యాయం, ధైర్యం, నిగ్రహం, ఇవే మంచి. ఆరోగ్యం, డబ్బు, పిల్లల బతుకు, ఇవి "దొరికితే మేలు, దొరక్కపోయినా బతుకు చెడదు" అనే ఖాతాలోకి పోతాయి. మార్కస్ ఆరీలియస్ తనకు తాను రాసుకున్న మాట ఒకటుంది. ఎవడో "నా బిడ్డ పోకూడదు" అని మొక్కుకుంటాడు, నువ్వు "పోతాడేమోనన్న భయం నాకు ఉండకూడదు" అని మొక్కుకో. పిల్లల్ని చాలామందిని కళ్లముందే పోగొట్టుకున్న తండ్రి రాసిన మాట కాబట్టి తేలిగ్గా తీసేయలేం. తేలిగ్గా ఒప్పుకోలేం కూడా.

రీల్స్‌లో వచ్చే స్టోయిక్కు వేరే మనిషి. పొద్దున్నే చన్నీళ్ల స్నానం, జిమ్ము, ఎవరినీ పట్టించుకోకపోవడం. అసలువాళ్లు న్యాయాన్ని నాలుగు గుణాల్లో ఒకటిగా పెట్టారు, మనుషులంతా ఒకే ఊరివాళ్లన్నారు, పొద్దున లేవబుద్ధి కానప్పుడు "మనిషి చేయాల్సిన పనికి లేస్తున్నాను" అని చెప్పుకున్నారు. మీకు కావలసింది ప్రమోషన్ అయితే ఆ పుస్తకం దగ్గర దొరకదు.

ఎపిక్యురస్ ఎవరికి

ఈయన్ను మన చార్వాకుల పక్కన కూర్చోబెట్టి, అప్పు చేసైనా నెయ్యి తాగమన్నవాళ్ల జాబితాలో వేసేస్తారు. సుఖమే పరమార్థం అన్నాడు, నిజమే. కానీ ఆయన సుఖం అంటే ఒంట్లో నొప్పి, మనసులో గుబులు లేకపోవడం. రొట్టె, నీళ్లతో గడిపేవాడు. ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, చిన్న కుండెడు చీజ్ పంపు, ఎప్పుడైనా విందు చేసుకోబుద్ధయితే ఉంటుంది అన్నాడు. నెయ్యి కోసం అప్పు చేసేవాడు రాసే ఉత్తరమేనా అది?

కోరికల్ని మూడుగా విడగొట్టాడు. సహజమూ అవసరమూ అయినవి, అంటే ఆకలికి అన్నంలాంటివి. సహజమే గానీ అవసరం కానివి, అంటే రోజూ బిర్యానీలాంటివి. రెండూ కానివి. ఈ మూడో రకానికి పాతకాలపు వ్యాఖ్యాత ఇచ్చిన ఉదాహరణ కిరీటాలు, తమ విగ్రహాలు పెట్టించుకోవడం. మన ఊళ్లలో ఏ సెంటర్లో నిలబడి చూసినా ఆ వ్యాఖ్యాతను మెచ్చుకోక తప్పదు.

ఆ తోటలోకి ఆడవాళ్లు వచ్చేవారు, బానిసలు వచ్చేవారు. అరిస్టాటిల్ దగ్గర లేని గాలి అది. తోటకు పెట్టింది 80 మినాలు, అంటే 8000 డ్రాక్మాలు, ఒక పనివాడి పదేళ్ల కూలికి తక్కువ కాదు. రొట్టె, నీళ్ల బతుక్కి కూడా ముందు స్థలం కొనాలన్నమాట. క్రీస్తుపూర్వం 270లో, మూత్రం బిగదీసి విరేచనాలతో చివరి రోజు గడుపుతూ రాసిన ఉత్తరంలో, నొప్పి ఇంతకంటే పెరగడానికి లేదు, అయినా మన పాత మాటలు తలుచుకున్న సంతోషాన్ని దానికి ఎదురు నిలబెట్టాను అన్నాడు. చనిపోయిన స్నేహితుడి పిల్లల్ని చూసుకోమని కూడా అందులోనే అడిగాడు. చక్రం మీద కూడా సుఖమే అన్నవాడు తన వంతు వచ్చినప్పుడు మాట తప్పలేదు.

ధర ఏమిటంటే, ఊరి గొడవలు వదిలేయాలి. రాజకీయం వద్దు, పేరు వద్దు, కనబడకుండా బతుకు అన్నది ఆ బడి మాట. నలుగురు స్నేహితులు, ఒక తోట. బాగానే ఉంటుంది. కానీ మన వీధిలో నీళ్లు రాకపోతే మున్సిపాలిటీకి వెళ్లి కూర్చునేది ఎవరు? అందరూ తోటలోకి పోతే తోట గోడను కాపాడేవాడు ఉండడు. నాకు ఈ దారిలో మిగిలిపోయిన ముల్లు ఇదొక్కటే.

ఇక మిగతావాళ్లు. చిన్నపిల్లవాడు దోసిలితో నీళ్లు తాగడం చూసి ఉన్న ఒక్క కప్పూ పారేసిన సినిక్కు డయోజినీస్ దారి, చదువుకుని మురిసిపోవడానికి బాగుంటుంది, ఇంటద్దె కట్టేవాళ్లకు కుదరదు. అలెగ్జాండర్ వెంట మన దేశం దాకా వచ్చి దిగంబర సన్యాసుల్ని చూసి వెళ్లిన పిర్రో, దేనిమీదా తీర్పు చెప్పకుండా ఉంటే మనసు కుదుటపడుతుందన్నాడు. ఇలాంటి ఎంపిక సలహాలు రాసేవాళ్లకు ఆయన బొత్తిగా పనికిరాడు.

ముగ్గురినీ కలిపి కొట్టేస్తే పోలేదా అంటారు కొందరు. చక్రం దగ్గర కుదరదు, అదృష్టానికి మీ బతుకు మీద హక్కు ఉందో లేదో ఒకటే జవాబు చెప్పాలి. నేను అరిస్టాటిల్‌తో ఉన్నాను. స్టోయిక్కుల్ని ఆసుపత్రి లైన్లకు, వీసా స్టాంపింగ్‌లకు, ట్రాఫిక్‌కు వాడుకుంటాను. వాళ్లు ఒప్పుకోరు, అది వాళ్ల పట్టింపు. చేతిలో లేని పెద్ద దెబ్బ మధ్యలో ఉన్నవాళ్లయితే ఎన్‌కైరిడియన్‌తోనే మొదలుపెట్టండి. మార్కస్ పుస్తకమైతే రెండో భాగం నుంచి చదవండి, మొదటిదంతా ఎవరెవరికి రుణపడ్డాడో చెప్పే జాబితా, అది చివర్లో రుచిస్తుంది. సంపాదన పెరుగుతున్నకొద్దీ కుదురు తగ్గుతున్నవాళ్లకు ఎపిక్యురస్, మెనీషియస్‌కు రాసిన ఉత్తరం, అరగంట పని. పెద్ద ఆపదేమీ లేదు, పిల్లలు పెరుగుతున్నారు, మనం ఎలాంటి మనుషులమయ్యామో అనుమానంగా ఉంది అనుకునే వయసుకు నికోమాకియన్ ఎథిక్స్: మొదటి రెండు భాగాలు, అక్కణ్ణుంచి ఏకంగా ఎనిమిదీ తొమ్మిదీ. మధ్యవి తర్వాత చూసుకోవచ్చు.

మావాడికి ఇదంతా చెబితే, "నాకు ఏది అన్నయ్యా?" అన్నాడు. వాడికి ఉద్యోగం నిలకడగానే ఉంది, నాలుగు పడగ్గదుల ఇల్లు ఉంది, ఐదు పడగ్గదులది చూస్తున్నాడు. మెనీషియస్ ఉత్తరం, దాంతోపాటు ఆ చీజ్ సంగతి పంపాను. రెండు రోజులకు జవాబొచ్చింది: "చదివాను. ఇంతకీ ఆ ఫ్రెండు చీజ్ పంపాడా?"